నా పేరు మీద ఒక జట్టు

1990లో నార్మన్ టెబ్బిట్ అనే బ్రిటిష్ కన్సర్వేటివ్ నాయకుడు వలస వచ్చినవాళ్లకి ఒక పరీక్ష పెట్టాడు. ఇండియా నుంచో పాకిస్తాన్ నుంచో వెస్టిండీస్ నుంచో వచ్చి బ్రిటన్‌లో స్థిరపడ్డవాళ్లు క్రికెట్ మ్యాచ్‌లో ఎవరి వైపు అరుస్తున్నారో చూడమన్నాడు. ఇంగ్లండ్ వైపైతే కలిసిపోయినట్టు, లేకపోతే లేనట్టు. ఆ మాట మీద అప్పట్లో పెద్ద దుమారమే రేగింది. ఇప్పటికీ మా రెడింగ్‌లో తెలుగువాళ్లు నలుగురు కూడిన చోట ఆ ప్రస్తావన వస్తే ఒకరు నవ్వుతారు, ఒకరు మండిపడతారు. నేను మాత్రం తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటాను. ఆ పరీక్షలో నేను తప్పడం కాదు, నా జవాబుకి ప్రశ్నపత్రంలో చోటే లేదు. పుట్టింది తెనాలి దగ్గర పల్లెలో, ఉంటున్నది ఇంగ్లండ్‌లో, ప్రాణం పెట్టుకున్నది మాత్రం న్యూయార్క్ రాష్ట్రం చివర కెనడాకి ఆనుకుని ఉన్న బఫెలో అనే ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మీద. బఫెలో బిల్స్.

ఈ అభిమానాన్ని ఇక్కణ్ణుంచి నడపాలంటే ముందు గడియారం లెక్క రావాలి. అక్కడ ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట ఆటంటే మాకు సాయంత్రం ఆరు. స్టవ్ మీద కూర, ఎదురుగా టాబ్లెట్, హాయి. అక్కడ నాలుగున్నర ప్రాంతంలో మొదలైతే ఇక్కడ తొమ్మిదిన్నర. పొద్దున్నే బడికి వెళ్లి పిల్లలకి లెక్కలు చెప్పాల్సినదాన్ని, సగం చూసి పడుకోవాలి. పడుకోను. ఆదివారం రాత్రి ఆటైనా సోమవారం రాత్రి ఆటైనా ఇక్కడ ఒంటిగంట దాటాకే మొదలు, ముగిసేసరికి నాలుగున్నర. అక్టోబర్ చివరి ఆదివారం బ్రిటన్‌లో గడియారాలు వెనక్కి తిప్పుతారు. అమెరికావాళ్లు నవంబర్ మొదటి ఆదివారం దాకా ఆగుతారు. ఆ ఒక్క వారం మాత్రం మా మధ్య తేడా అయిదు గంటలు కాదు, నాలుగే. ఇంట్లో ఎవరికీ అక్కర్లేని ఈ సంగతి నాకు కంఠతా వచ్చు.

సెప్టెంబర్ నుంచి జనవరి తొలి వారం దాకా 17 ఆటలు. బాగా ఆడితే ఆపైన ప్లేఆఫ్స్ అనే నాకౌట్ ఆటలు, ఇంకా బాగా ఆడితే ఫిబ్రవరిలో సూపర్ బౌల్ అనే ఫైనల్. ఒక్కో ఆట మూడు గంటల పైమాటే. అందులో బంతి నిజంగా కదిలేది 11 నిమిషాలేనని 2010లో వాల్ స్ట్రీట్ జర్నల్ లెక్కగట్టింది. మిగతాదంతా గుమిగూడడం, వరసలో నిలబడడం, ప్రకటనలు. 11 నిమిషాల కోసం నేను నిద్ర చంపుకుంటున్నానని తెలిసిన రోజు మా ఆయన చేతికి ఆయుధం దొరికినట్టయింది. ఆట అయిపోయి నేను కప్పులు కడుగుతుంటే తెనాలిలో పది గంటలవుతుంది, అమ్మ ఫోన్ చేస్తుంది. "ఏమే, అప్పుడే లేచావా?" అంటుంది. "ఆఁ, లేచానమ్మా" అంటాను. ఇంకా పడుకోలేదని చెబితే ఎందుకని అడుగుతుంది, దానికి నా దగ్గర జవాబు లేదు.

ఎందుకని అమ్మ అడగలేదు, మా అబ్బాయి అడిగాడు. వాడు బఫెలోలోనే పుట్టాడు. అమెరికా పాస్‌పోర్టు వాడిది. కానీ ఆ జట్టు వాడికి అక్కర్లేదు, వాడికి ఆర్సెనల్ ఉంది. ఒక రాత్రి మంచినీళ్ల కోసం కిందికి వచ్చి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు తుడుచుకుంటున్న నన్ను చూశాడు. "అమ్మా, బఫెలోలో ఉన్నన్నాళ్లూ ఏడుస్తూనే ఉన్నానని నువ్వే చెప్తావు కదా. మరి ఆ ఊరు ఓడిపోతే ఎందుకు ఏడుస్తున్నావు?" అన్నాడు. "పోయి పడుకోరా" అన్నాను. వాడు పడుకున్నాడు. ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది.

వాడన్నది నిజం. బఫెలోలో నేను సుఖపడలేదు. 2007లో, పెళ్లయిన కొత్తలో, హెచ్-4 వీసా మీద వెళ్లాను. అంతకుముందు తెనాలిలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. విమానం దిగిన రోజునుంచీ డిపెండెంటుని. హెచ్-4 మీద వచ్చిన భార్యకి అప్పట్లో ఉద్యోగం చేసే హక్కు లేదు. ఉద్యోగం లేదు కాబట్టి సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, కారు కాగితాలు అన్నిటి మీదా మా ఆయన పేరే. ఆయన మంచివాడు, నన్ను తక్కువ చేసి ఒక్క మాట అన్నవాడు కాదు. అందువల్లే నా దిగులుకి ఒక ముద్దాయి కూడా దొరకలేదు. వారాంతం గుడికి వెళితే ఆడవాళ్లం ఒకరినొకరు "మీవారు ఎక్కడ చేస్తున్నారు?" అని పలకరించుకునేవాళ్లం. "మీరేం చేస్తుంటారు?" అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. మర్యాద కొద్దీ.

బఫెలో శివారు ఆమ్హర్స్ట్‌లో మేపుల్ రోడ్డుకి దగ్గర్లో ఒక చెక్క ఇల్లు. పైన మేము, కింద ఒక పెద్దావిడ. ఆవిడ భర్త లాకవానాలో బెత్లెహెం స్టీల్‌లో పనిచేసేవాడట. 1983లో అక్కడ ఉక్కు తీయడం ఆగిపోయాక ఆ ఊళ్లో వేలమందికి పోయినట్టే ఆయనకీ ఉద్యోగం పోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకి ఆయనా పోయాడు. ఒక ఆదివారం మా వాటాలో హీటరు పనిచేయకపోతే ఆవిడ కిందికి రమ్మంది. టీవీలో ఆట నడుస్తోంది, శబ్దం లేదు. పక్కన రేడియోలో వ్యాఖ్యానం వస్తోంది. టీవీవాళ్లు రెండు జట్లకీ న్యాయంగా మాట్లాడతారట, ఆవిడకి ఆ న్యాయం అక్కర్లేదు. మన ఊరివాడి గొంతు కావాలి. డిసెంబర్‌లో టికెట్లు మిగిలిపోతే, అప్పటి నియమం ప్రకారం ఊళ్లో జరిగే ఆటని ఊరివాళ్లకే టీవీలో చూపించేవాళ్లు కాదు. అప్పుడు రేడియో ఒక్కటే. అలా ఆ ఆటని నేను కళ్లతో కన్నా ముందు చెవులతో నేర్చుకున్నాను.

మొదట్లో అది నాకు ఉత్త తన్నులాటే. అర్థమైంది గొలుసు వల్ల. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు. ఒక్కోదాన్ని డౌన్ అంటారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకి పోవాలి. పోతే మళ్లీ నాలుగు, పోకపోతే బంతి అవతలివాళ్లది. పోయిందో లేదో అనుమానం వస్తే గట్టు మీద ఉన్న మనుషులు పది గజాల గొలుసు పట్టుకుని మైదానంలోకి వస్తారు. ఒకడు ఆ కొస పట్టుకుంటాడు, ఒకడు ఈ కొస లాగుతాడు, రిఫరీ వంగి బంతి ముక్కు కర్ర దాటిందా లేదా చూస్తాడు. స్టేడియం మొత్తం ఊపిరి బిగబడుతుంది. ఆ దృశ్యం చూడగానే మా పల్లెలో గట్టు తగాదా వచ్చినప్పుడు సర్వేయరు గొలుసు లాగడం, రెండు వైపులవాళ్లూ వంగి చూడడం, నాన్న మొహం, అన్నీ కళ్లముందుకొచ్చాయి. భూమి కోసం కొట్టుకోవడం నాకు తెలుసు. ఒక్కో గజం దగ్గరా మనుషులు ఎందుకు మీదపడి నలిగిపోతారో తెలుసు. 2025 నుంచి ఆ కొలత కెమెరాలు తీస్తున్నాయి, గొలుసు పట్టేవాళ్లు అవసరానికి పక్కన నిలబడి ఉంటారు. మా పల్లెలో కూడా ఇప్పుడు జీపీఎస్‌తోనే కొలుస్తున్నారట.

ఆట అర్థమైతే అభిమానం పుట్టాలని లేదు. నాకు పుట్టింది ఆవిడ చెప్పిన ఒక కథ వల్ల. 1991 జనవరి 27న టాంపాలో సూపర్ బౌల్. బిల్స్ ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు, ఎనిమిది సెకన్లు మిగిలాయి. స్కాట్ నార్వుడ్ 47 గజాల దూరం నుంచి బంతిని తన్నాడు. అది రెండు స్తంభాల మధ్యనుంచి పోవాలి, కుడివైపు స్తంభం పక్కనుంచి పోయింది. 20-19తో ఓటమి. మర్నాడు జట్టు ఊరికి తిరిగి వస్తే నయాగరా స్క్వేర్‌లో చలిలో వేలమంది కూడారు. వాళ్లలో మా కింది వాటా ఆవిడ కూడా ఉంది. జనం నార్వుడ్ పేరే పట్టి పిలిచారు, అతను ముందుకొచ్చేదాకా ఆపలేదు. వచ్చి, గొంతు పూడుకుపోయి, సరిగా మాట్లాడలేకపోయాడు. ఆ తర్వాత వరసగా మరో మూడేళ్లు సూపర్ బౌల్‌కి వెళ్లి ఆ మూడూ ఓడిపోయారు. వరసగా నాలుగుసార్లు అక్కడిదాకా వెళ్లిన జట్టు మరొకటి లేదు. నాలుగూ ఓడిన జట్టు ఎలాగూ లేదు.

ఆవిడ ఆ కథ గొప్పగా ఏం చెప్పలేదు. బంగాళాదుంప తొక్క తీస్తూ చెప్పింది. నేను పైకి వచ్చి చాలాసేపు కూర్చుండిపోయాను. అప్పటికి నేను ఎందుకూ పనికిరానన్న నమ్మకం నాలో బాగా పాతుకుపోయింది. తప్పినవాణ్ణి పేరు పెట్టి పిలిచి చప్పట్లు కొట్టిన ఊళ్లో ఉన్నానని తెలియడం నాకు మందులా పనిచేసింది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అందులో నా స్వార్థం స్పష్టంగా కనిపిస్తుంది. నేను నార్వుడ్ మీద జాలిపడలేదు. ఆ గుంపు నన్నే పిలిచినట్టు ఊహించుకున్నాను.

2014 వేసవిలో మా ఆయనకి ఇక్కడ ఉద్యోగం వచ్చింది, రెడింగ్ వచ్చేశాం. మరుసటి ఏడు మేలోనే అమెరికా నిబంధన మార్చింది. గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటిన హెచ్-1బి ఉద్యోగ వీసా వాళ్ల భార్యలూ భర్తలూ పని చేసుకోవచ్చంది. అది చదివిన రోజు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అన్నేళ్లూ పక్కనే ఉండి ఆర్చర్డ్ పార్క్‌లోని బిల్స్ స్టేడియానికి ఒక్కసారీ వెళ్లలేదు. అడిగితే మా ఆయన తీసుకెళ్లేవాడే. నా సంపాదన కాని డబ్బుతో నాకోసం టికెట్టు కొనమని అడగబుద్ధి కాలేదు.

వచ్చిన కొత్తలో అభిమానం దానంతటదే వాడిపోతుందనుకున్నాను. ఆ నవంబర్‌లో బఫెలో దక్షిణపు శివార్ల మీద ఏడడుగుల దాకా మంచు కురిసింది. స్టేడియం కూరుకుపోయింది. జెట్స్‌తో సొంత ఊళ్లో జరగాల్సిన ఆటని డెట్రాయిట్‌కి మార్చారు. ఇక్కడ అర్ధరాత్రి వేళ, ఇంకా సర్దని అట్టపెట్టెల మధ్య కూర్చుని చూశాను. మా జట్టు వేరే ఊళ్లో, అరువు మైదానంలో, ఇంటివాళ్లలాగే ఆడి 38-3తో గెలిచింది. ఆ రాత్రి నాకు తెలిసిపోయింది, ఇది వదిలేది కాదని.

అయితే ఎందుకు? కారణాలు ఒక్కొక్కటే బయటికి తీసి చూశాను.

మొదటి కారణం, నేను ఉన్నచోట ఎప్పుడూ ఉండను. బఫెలోలో ఉండగా 2011 ప్రపంచ కప్ ఫైనల్ కోసం తెల్లవారకముందే లేచాను. ధోనీ సిక్స్ కొట్టేసరికి అక్కడ మధ్యాహ్నం, బయట అందరూ ఎవరి పనుల్లో వాళ్లు ఉన్నారు, నేనొక్కదాన్నే వాంఖడేలో ఉన్నాను. ఇప్పుడు రెడింగ్‌లో ఉండి ఆర్చర్డ్ పార్క్‌లో ఉంటున్నాను. మా ఊరికీ ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది, దాని గురించి నాకు తెలిసిందల్లా మ్యాచ్ రోజున ఏ రోడ్డు మీద ట్రాఫిక్ ఆగుతుందో అంతే. పక్కింటాయన రెండు మూడుసార్లు రమ్మన్నాడు కూడా. రేపు ఇక్కణ్ణుంచి ఇంకెక్కడికైనా వెళ్తే ఆ క్లబ్బు కోసం రాత్రులు మేలుకుంటానేమో. వదిలి వచ్చాకే ఊరి మీద ప్రేమ పుట్టే జబ్బు ఒకటి వలస వెళ్లినవాళ్లకి ఉంటుంది. నాకు కాస్త ముదిరింది.

రెండో కారణం డాబు. ఇది ఒప్పుకోవడం కష్టం. స్కూల్లో స్టాఫ్ రూమ్‌లో నేను చీర గురించో బిర్యానీ గురించో చెబుతానని ఎదురుచూసేవాళ్ల ముందు, నాలుగో డౌన్‌లో బంతి తన్నేయకుండా ముందుకే పోవడం ఎప్పుడు లాభమో సంభావ్యత లెక్కలతో చెబితే వాళ్ల మొహాల్లో వచ్చే ఆశ్చర్యం నాకిష్టం. తెలుగు సంఘం విందుల్లో క్రికెట్ మాట్లాడే మగవాళ్ల మధ్య నాకొక్కదానికే తెలిసిన ఆట ఉండడం ఇష్టం. పైగా ఓడిపోయే జట్టుని పట్టుకున్నవాళ్లకి ఊరికే ఒక పెద్దమనిషి తరహా వచ్చేస్తుంది. గెలిచేవాళ్ల వెంట ఎవరైనా పోతారు, మేం విశ్వాసం గలవాళ్లం అని. ఆ గర్వం కూడా నాకుంది.

మూడోది అసూయ. మేం వచ్చేశాక జట్టు బాగుపడింది. 2017 డిసెంబర్ 31న, తమ ఆట గెలిచేసి బిల్స్ ఎదురుచూస్తుంటే, సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ ఆండీ డాల్టన్ చివరి నిమిషంలో ఒక టచ్‌డౌన్ పాస్ వేసి బాల్టిమోర్‌ని ఓడించాడు. దాంతో 17 ఏళ్ల కరువు తీరి బిల్స్ ప్లేఆఫ్స్‌లోకి వచ్చారు. కృతజ్ఞతగా బఫెలో జనం డాల్టన్ నడిపే ధర్మసంస్థకి తలా 17 డాలర్ల చొప్పున పంపారు, లక్షల డాలర్లు పోగయ్యాయి. నేనూ పంపాను, నా జీతంలోంచి. ఆ సంతోషంలో కూడా లోపల ఒక ముల్లు గుచ్చుకుంది. నేను లేకుండా గెలుస్తున్నారే అని. 2018లో జాష్ అలెన్ అనే క్వార్టర్‌బ్యాక్ వచ్చాక మరీ. కరువులో తోడున్నదాన్ని నేను, పంట తింటున్నది మరొకళ్లు. 2022 జనవరి 23న కాన్సస్ సిటీలో 13 సెకన్లు మిగిలి ఉండగా మూడు పాయింట్ల ఆధిక్యం చేజార్చుకుని, అదనపు సమయంలో అలెన్ చేతికి బంతే రాకుండా 42-36తో ఓడిపోయినప్పుడు నిజంగానే ఏడ్చాను. మా అబ్బాయి చూసింది ఆ రాత్రే. కానీ ఆ ఏడుపు అడుగున ఒక చిన్న తృప్తి ఉందని ఇప్పుడు రాయగలుగుతున్నాను. హమ్మయ్య, వీళ్లు నాకు తెలిసినవాళ్లే, మారలేదు అని.

ఈ మూడూ నిజాలే, మూడూ కలిపినా వాడి ప్రశ్నకి జవాబు కావు. జవాబు నాకు ఒక పాత కాగితంలో దొరికింది. ఇక్కడ డిపెండెంటుకి పని చేసే హక్కు ఉంది. టీచర్ శిక్షణకి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు చదువు, అనుభవం ఏడాదివారీగా రాయమన్నారు. 2007 దాకా గడులు నిండాయి. అక్కణ్ణుంచి 2014 దాకా ఖాళీ. ఇంటర్వ్యూలో ఒకావిడ వేలు ఆ ఖాళీ మీద పెట్టి, "ఈ ఏడేళ్లూ?" అని మృదువుగానే అడిగింది. "కుటుంబం" అన్నాను. అది అబద్ధం కాదు. అయితే ఆ క్షణంలో నా బుర్రలో తిరిగింది వేరు. 7-9, 7-9, 6-10, 4-12, 6-10, 6-10, 6-10. 2007 నుంచి 2013 దాకా ఏడు సీజన్లలో బిల్స్ గెలుపోటములు. ఒక్కటంటే ఒక్క ఏడు కూడా గెలుపులు ఓటముల్ని దాటలేదు. ఆ దరఖాస్తు నకలు మొన్న అల్మారా సర్దుతుంటే బయటపడింది. ఆ ఖాళీ గడుల్లో ఈ అంకెలు అచ్చంగా పట్టేస్తాయి.

ఆ ఏడేళ్లలో నేను ఉన్నానని చెప్పడానికి జీతం కాగితాలు లేవు, పన్ను కాగితాలు లేవు, నా పేరున ఒక రసీదు లేదు. వీసా ఆయన మీద ఆధారపడి వచ్చింది. ఊరు ఆయన ఉద్యోగం వల్ల వచ్చింది. స్నేహాలు ఆయన స్నేహితుల భార్యలు. ఎవరూ ఇవ్వకుండా, ఎవరి పేరు మీదా కాకుండా నాకై నేను సంపాదించుకున్నది ఆ జట్టు ఒక్కటే. మా ఆయనకి ఆ ఆట ఇప్పటికీ రాదు, నేర్పనూ లేదు. ఆయన అడిగినప్పుడల్లా "మీకు బోర్ కొడుతుందిలెండి" అని తప్పించాను. అది నాది. బఫెలో మీద నాకున్నది ప్రేమో కాదో తెలియదు గానీ, ఆ ఊళ్లో కిటికీ పక్కన కూర్చుని రోజుల్ని లెక్కపెట్టిన ఆడమనిషి మీద నాకు ప్రేమ ఉంది. ఆవిణ్ణి అప్పుడు పట్టించుకున్నవాళ్లు లేరు, నాతో సహా. వారానికోసారి వెళ్లి పలకరించి వస్తున్నాను.

ఇలా తేలిపోతే బాగుండేది. కానీ నా సొంత వ్యవహారానికి ఖర్చు వేరేవాళ్ల ఒంట్లోంచి పోతోంది.

2023 జనవరి 2, సోమవారం, సిన్సినాటిలో ఆట. ఇక్కడ మంగళవారం తెల్లవారుజాము, రెండు కావస్తోంది. మొదటి క్వార్టర్‌లో మా జట్టులోని డమార్ హామ్లిన్ అనే 24 ఏళ్ల కుర్రాడు ఎదుటివాణ్ణి ఢీకొని పడగొట్టాడు. లేచి నిలబడ్డాడు. అంతలోనే వెనక్కి విరుచుకుపడ్డాడు. గుండె ఆగిపోయింది. మైదానంలోనే ఛాతీ నొక్కి, షాక్ ఇచ్చి, ఆ గుండెని మళ్లీ కొట్టించారు. ఆరడుగుల మగవాళ్లు చుట్టూ వలయం కట్టి ఏడుస్తూ నిలబడ్డారు, కెమెరాకి అతను కనిపించకుండా. ఆ వలయాన్ని చూస్తూ నా మనసులో మొట్టమొదట వచ్చిన ఆలోచన రాయకపోతే ఇది ఆత్మావలోకనం కాదు. ఆట మళ్లీ మొదలవుతుందా, లేకపోతే నేను పోయి పడుకోవచ్చా అని. భయం ఆ తర్వాత వచ్చింది. అంబులెన్స్ మైదానంలోకి వచ్చాక వచ్చింది.

హామ్లిన్ బతికాడు. ఆసుపత్రిలో స్పృహ వచ్చాక మాట్లాడలేక కాగితం మీద రాసి మేం గెలిచామా అని అడిగాడని డాక్టర్లు చెప్పారు. ఆ ఆటని రద్దు చేశారు. తర్వాతి సీజన్‌లో అతను మళ్లీ మైదానంలోకి దిగాడు. అందరం కథ సుఖాంతమైనట్టు చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లలో మిగతా లెక్క వినిపించదు. 2017లో బోస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చనిపోయిన 111 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ (ఈ జట్లు ఆడే లీగ్) ఆటగాళ్ల మెదళ్లు పరీక్షిస్తే 110 మందిలో సీటీఈ అనే వ్యాధి కనిపించింది. తలకి దెబ్బ మీద దెబ్బ తగలడం వల్ల ఏళ్ల తరబడి మెదడుని తినేసే జబ్బు అది. అనుమానం ఉన్న కుటుంబాలే మెదళ్లు దానం చేస్తాయి కాబట్టి ఆటగాళ్లందరికీ ఆ నిష్పత్తి వర్తించదని ఆ పరిశోధకులే రాశారు. లెక్కల టీచర్ని, ఆ మినహాయింపు విలువ నాకు తెలుసు. దాని వెనక దాక్కోవడం ఎంత సులువో కూడా తెలుసు.

నా ఏడేళ్ల ఖాళీ గడులు నింపుకోవడానికి ఎవరో కన్నపిల్లలు తలలు బద్దలు కొట్టుకోవాలా? నేనొక్కదాన్ని మానేస్తే ఆట ఆగదన్నది నిజం. ప్రతి తాగుబోతూ చెప్పే నిజం. మానలేదు, మానతానని కూడా రాయను. మారిందల్లా చిన్న సంగతి. ఎవరైనా కిందపడి లేవకపోతే, లేచేదాకా స్కోరు వైపు చూడను. మా జట్టువాడైనా, అవతలివాడైనా. దీనివల్ల ఆ మనిషికి ఒరిగేదేం లేదని తెలుసు. నా కోసం పెట్టుకున్న నియమం అది.

హామ్లిన్ పడిపోయిన ఏడే, అక్టోబర్ 8న, బిల్స్ లండన్ వచ్చారు. టాటెన్‌హామ్ స్టేడియంలో పచ్చిక మైదానం మొత్తాన్ని జరిపేస్తే అడుగున అమెరికన్ ఫుట్‌బాల్ కోసం మరో మైదానం ఉంటుంది. నా డబ్బుతో టికెట్టు కొనుక్కుని ఒక్కదాన్నే వెళ్లాను. పక్క సీట్లో బఫెలో పక్కనున్న చీక్‌టోవాగా నుంచి విమానం ఎక్కి వచ్చిన ఆవిడ. ఎక్కడుంటావంది. రెడింగ్ అన్నాను, అంతకుముందు ఆమ్హర్స్ట్ అన్నాను. "ఆమ్హర్స్ట్‌లో ఎక్కడ?" అంది. ఇక్కడైతే ఆ ప్రశ్న తర్వాత "అసలు ఊరు?" అని వస్తుంది. ఆవిడకి వీధి పేరు కావాలి. చెప్పాను, తన చెల్లెలి ఇల్లు అక్కడికి దగ్గరే అంది. "మిస్ అవుతున్నావా?" అంటే "చాలా" అన్నాను. అది నిజమని, అన్నాక తెలిసింది. ఆ రోజు 25-20తో ఓడిపోయాం. ఆటలో మా మాట్ మిలానో కాలు విరిగింది. అతన్ని తీసుకెళ్లేదాకా ఆవిడా నేనూ నిలబడే ఉన్నాం.

ఆర్చర్డ్ పార్క్‌లో 1973 నాటి పాత స్టేడియానికి ఎదురుగా, రోడ్డుకి అవతల, 2026 సీజన్ కోసం కొత్తది కట్టారు. పాతదాన్ని నేను లోపలికి వెళ్లి చూడనే లేదు. కొత్తదాన్నైనా చూడాలని నిర్ణయించుకున్నాను. మా అబ్బాయికి వీసా అక్కర్లేదు, వాడికి రావాలనీ లేదు. నాది ఇంకా భారత పాస్‌పోర్టే కాబట్టి సందర్శకుల వీసాకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఖర్చు ఎవరు భరిస్తారన్న చోట "నేనే" అని నింపాను. ఉద్యోగం వివరాల గడి కూడా నింపాను. మా ఆయన వెనకనుంచి చూస్తూ, "నన్నూ రమ్మంటావా? ఈసారైనా ఆ ఆట నేర్పుతావా?" అన్నారు.

"రండి, నేర్పుతాను" అన్నాను. "కానీ ఈ ప్రయాణంలో డిపెండెంటు మీరు."